టాకియోమెట్రీ లెక్క: బ్రాకెట్లతో సహా అవే బటన్లు నొక్కినా రెండు కాలిక్యులేటర్లలో రెండు జవాబులు ఎందుకు?

కృష్ణలంక_సివిల్

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో సివిల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. సర్వేయింగ్ ప్రాక్టికల్స్‌లో టాకియోమెట్రీ (టేపు లేకుండా, పరికరంలోంచి చూసిన రీడింగులతో దూరం, ఎత్తు లెక్కగట్టే పద్ధతి) మొదలైంది. మొన్న మా బ్యాచ్ మొగల్రాజపురం కొండ వైపు కోణాలు కొలిచే థియోడలైట్ పెట్టి, పైన ఎత్తు మీద కొలత గుర్తులున్న స్టాఫ్ పట్టుకుని రీడింగులు తీసింది. పరికరంలోంచి చూస్తే కనబడే రెండు అడ్డగీతల్లో పై వెంట్రుక 2.075, కింది వెంట్రుక 0.825. అంటే ఇంటర్‌సెప్ట్ (రెండింటి తేడా) 1.250 మీటర్లు. నిలువు కోణం పైకి 6°30'. మా పరికరానికి మల్టిప్లయింగ్ కాన్‌స్టెంట్ 100, ఎడిటివ్ కాన్‌స్టెంట్ సున్నా. 100 × 1.250 = 125, తీటా అంటే ఆ నిలువు కోణం. కాబట్టి ఫార్ములాలు ఇవి:

దూరం = 125 × కాస్²తీటా
ఎత్తు = 125 × సైన్ 2తీటా ÷ 2

నా దగ్గర ఉన్నది మా అన్నయ్య డిప్లొమాలో వాడిన కేసియో ఎఫ్ఎక్స్-82ఎంఎస్. నా పక్కన కూర్చునే అమ్మాయి దగ్గర 991ఈఎస్ ప్లస్ ఉంది. దూరం తనకి 123.40 వచ్చింది, నాకు 92.53 వచ్చింది. సర్లే, బ్రాకెట్ పెట్టలేదేమో అనుకుని తన స్క్రీన్ చూసి, ఉన్నది ఉన్నట్టు 125 × కాస్ ( 6°30' ) అని కొట్టి, ఆ తర్వాత స్క్వేర్ బటన్ నొక్కాను. మళ్ళీ 92.53 వచ్చింది. తన దాంట్లో అవే బటన్లు నొక్కితే మాత్రం 123.40 వస్తోంది.

ఎత్తు దగ్గర ఇంకో గొడవ. తనకి 14.06, నాకు 14.18, మా బ్యాచ్‌లో ఈఎస్ ప్లస్ ఉన్న ఇంకో అబ్బాయికి 14.15. ముగ్గురివీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి కాబట్టి దశాంశాలు రౌండ్ చేయడంలో తేడా అయ్యుంటుందని అందరూ అంటున్నారు. నాకైతే నమ్మకం కుదరడం లేదు. సార్ 14.06 కరెక్ట్ అని టిక్ పెట్టారు కానీ, మిగతావి ఎందుకు తప్పో అడిగేలోపే బెల్ కొట్టారు.

నా కాలిక్యులేటర్ పాడైందా? ఇది నాకు బాగా అలవాటైంది, చూడకుండా కూడా కొట్టగలను. కొత్తది కొనమని ఇంట్లో అడగాలని లేదు. పరీక్షల లోపు దీంతోనే సరిగ్గా చేయడం నేర్చుకోవాలి. దయచేసి చెప్పండి.

ఏలూరు_రోడ్డు

ముందు డిగ్రీ మోడ్‌లో ఉందో లేదో చూడండి. సైన్ 30 కొడితే 0.5 రావాలి. మైనస్ 0.988 వస్తే రేడియన్, 0.454 వస్తే గ్రేడియన్ (రెండూ కోణం కొలిచే వేరే యూనిట్లు). చేతులు మారిన కాలిక్యులేటర్లలో నూటికి తొంభై ఇదే సమస్య. మీ 82ఎంఎస్‌లో మోడ్ బటన్ రెండుసార్లు నొక్కితే డిగ్రీ, రేడియన్, గ్రేడియన్ అని మూడూ కనిపిస్తాయి. 1 నొక్కండి.

కృష్ణలంక_సివిల్

చూశానండీ. స్క్రీన్ పైన డి అక్షరమే ఉంది, సైన్ 30 కొడితే 0.5 వస్తోంది. మోడ్ సమస్య కాదు.

లెవెల్_బుక్

చూడమ్మా, నీ కాలిక్యులేటర్ పాడవలేదు. నీ స్నేహితురాలిదీ బాగానే ఉంది. రెండు మిషన్లూ వాటికి నేర్పిన వరసలో సరిగ్గానే చదివాయి. ఆ వరస రెండింట్లో వేరు, అంతే. నేను కాలువ పనుల్లో లెవెల్స్ తీస్తూ రిటైరయ్యాను. ఇప్పుడు గుంటూరులో, బ్రాడీపేటలో ఇంటి దగ్గరే పాలిటెక్నిక్ పిల్లలకి సర్వేయింగ్ లెక్కలు చెబుతున్నాను. ఏటా కొత్త బ్యాచ్ రాగానే మొదటి రోజు ఫార్ములా జోలికి పోకుండా అందరి కాలిక్యులేటర్లూ బల్ల మీద పెట్టించేది ఇందుకే.

నీ ఎంఎస్‌లో బటన్లు రెండు రకాలు. అంకె కొట్టాక నొక్కేవి కొన్ని: స్క్వేర్, ఎక్స్ ఇన్వర్స్ (1 ÷ అంకె), డిగ్రీ-మినిట్ల బటన్. అంకెకి ముందు నొక్కేవి కొన్ని: సైన్, కాస్, ట్యాన్, లాగ్, రూట్. ఈ రెండు రకాలూ ఒకే అంకెని చెరోవైపు పట్టుకుంటే, తర్వాత నొక్కిన దానికే మొదటి హక్కు. నువ్వు కాస్ (6°30') కొట్టి స్క్వేర్ నొక్కావు. బ్రాకెట్ విలువ 6.5. ఆ 6.5ని ముందు స్క్వేర్ లాక్కుంది, 42.25 అయింది. ఆ తర్వాత కాస్ 42.25 డిగ్రీలు, అంటే 0.7402. దాన్ని 125తో గుణించు, నీ 92.53 వచ్చేస్తుంది. నువ్వు పెట్టిన బ్రాకెట్ కోణం చుట్టూ ఉందే గానీ కాస్‌ని లోపలికి తీసుకోలేదు.

ఈఎస్ ప్లస్‌లో కాస్ నొక్కగానే బ్రాకెట్ దానంతట అదే తెరుచుకుంటుంది. ఆ బ్రాకెట్ కాస్‌దే. మూసేస్తే కాస్ విలువ తేలిపోయినట్టు. ఆ తర్వాత వచ్చిన స్క్వేర్ తేలిన విలువ మీద పడుతుంది. అందుకే స్క్రీన్ మీద ఒకేలా కనిపించినా అర్థం మారింది.

రెండింటికీ సరిపోయే రాత ఒకటుంది:

125 × (కాస్ 6°30')²

అంటే బ్రాకెట్ తెరిచి, కాస్ కొట్టి, కోణం కొట్టి, బ్రాకెట్ మూసి, అప్పుడు స్క్వేర్. కాస్ 6°30' = 0.99357, దాని స్క్వేర్ 0.98719, దూరం 123.40. ఈఎస్ ప్లస్‌లో అయితే లోపలి బ్రాకెట్ కూడా మూయాలి. పుస్తకంలో ఆ 2 అంకె కాస్ నెత్తిన కూర్చుంటుంది. కాలిక్యులేటర్‌లో దానికి ఆ చోటు లేదు. కాబట్టి నోట్‌బుక్‌లో ఫార్ములా పక్కనే, కొట్టాల్సిన విధంగా ఇంకోసారి రాసుకో. నా దగ్గరికొచ్చే పిల్లలందరి చేతా ఈ పని చేయిస్తాను.

ఇక ఎత్తు సంగతి. అసలు గుండె దడ పుట్టించేది ఇదే. 92.53 వచ్చినందుకు నువ్వు అనుమానపడ్డావు, ఇక్కడికొచ్చి అడిగావు. 14.18 వచ్చినవాడు అడగడు. టేబుల్‌లో రాసేసి పక్క స్టేషన్‌కి పోతాడు.

నీ ఎంఎస్‌లో బ్రాకెట్ లేకుండా 125 × సైన్ 2 × 6°30' ÷ 2 అని కొట్టి ఉంటావు. గుణకారం గుర్తు కనబడగానే సైన్ పని అయిపోయిందని ఎంఎస్ అనుకుంటుంది. అది సైన్ 2 డిగ్రీలు తీసుకుంది (0.0349), దాన్ని 6.5తో గుణించింది, 2తో భాగించింది. 14.18. ఆ అబ్బాయి ఈఎస్ ప్లస్‌లో బ్రాకెట్ మూయకుండా అవే బటన్లు కొట్టాడు. అక్కడ ÷ 2 కూడా సైన్ లోపలికే పోయింది. 13ని 2తో భాగిస్తే మళ్ళీ 6.5, అంటే అతను 125 × సైన్ 6°30' చేశాడు. 14.15. సరైనది 125 × సైన్ (2 × 6°30') ÷ 2, అంటే 125 × 0.22495 ÷ 2 = 14.06. ఇందులో రౌండింగ్ తేడా అన్న మాటే లేదు, మూడూ మూడు వేరు వేరు లెక్కలు.

మరి ఎందుకంత దగ్గరగా వచ్చాయి? చిన్న కోణాల్లో సైన్ విలువ దాదాపు కోణంతో పాటే పెరుగుతుంది. సైన్ 2°ని 6.5తో గుణిస్తే 0.2268, నేరుగా సైన్ 13° తీస్తే 0.2250. కోణం పెద్దదైతే తేడా కొట్టొచ్చినట్టు కనబడేది. మన నేల మీద టాకియోమెట్రీలో వచ్చేవి ఎక్కువగా చిన్న కోణాలే. తప్పు దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

12 సెంటీమీటర్లే కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. కాలువ అడుగుకి 10,000కి 1 వాలు ఇచ్చారనుకో, కిలోమీటరు పొడవునా దిగేది 10 సెంటీమీటర్లే. నువ్వు 123 మీటర్ల దూరం మీద చేసిన పొరపాటు, కిలోమీటరు కాలువ మొత్తం వాలుని మింగేస్తుంది. డెల్టాలో పుట్టిన వాళ్ళకి నీళ్ళు ఎటు పారతాయన్నది ఆషామాషీ విషయం కాదు.

అందుకని ప్రతి రీడింగుకీ చివర ఇది చెయ్యి. ఎత్తుని దూరంతో భాగిస్తే ట్యాన్ తీటా రావాలి, ఎందుకంటే సైన్, కాస్‌ల గుణకారాన్ని కాస్²తో భాగిస్తే మిగిలేది అదే. షిఫ్ట్ ట్యాన్ ( 14.06 ÷ 123.40 ) = కొట్టి, డిగ్రీ-మినిట్ల బటన్ నొక్కు. 6°30' చూపిస్తుంది, చివర సెకన్లలో కాస్త అటూ ఇటూ ఉన్నా పర్వాలేదు. 14.18తో కొడితే 6°33' దాటుతుంది. 14.15తో కొట్టినా 6°32' పైనే. ఫీల్డ్‌లో చదివిన కోణం తిరిగి రాలేదంటే లెక్క మళ్ళీ చెయ్యాల్సిందే. ఇక్కడ కూడా ఆ బ్రాకెట్ మర్చిపోకు, లేకపోతే ఎంఎస్ ముందు 14.06కి ట్యాన్ ఇన్వర్స్ తీసి, అప్పుడు భాగిస్తుంది.

ఎవరిదైనా కాలిక్యులేటర్ అరువు తీసుకోవాల్సి వస్తే, డిగ్రీ మోడ్‌లో పెట్టి సైన్ 60 ÷ 2 = అని ఒక్కసారి కొట్టి చూడు. 0.433 వస్తే అది నీ ఎంఎస్ లాంటిది. 0.5 వస్తే బ్రాకెట్ తనే తెరిచే రకం. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ పక్కవాళ్ళది ఇప్పించినప్పుడు ఈ ఒక్క పరీక్ష చాలు, టెన్షన్ పడకుండా పని చేసుకోవచ్చు.

పటమట_వైండింగ్

లెవెల్ బుక్ గారు చెప్పినదంతా నిజం. మోడ్ గురించి నేనొక మాట కలుపుతాను, ఎందుకంటే సివిల్ వాళ్ళకి రేడియన్ ఎక్కడొస్తుందిలే అని వదిలేస్తారు. నేను ఎలక్ట్రికల్ చదివి పటమటలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. సాయంత్రాలు మా చెల్లి కూతురికి లెక్కలు చెబుతుంటాను.

చెల్లీ, నీ లెక్కనే రేడియన్ మోడ్‌లో చేసి చూశాను. దూరం 119.22 వచ్చింది. ఎంత నమ్మించేలా ఉందో చూడు. 125 కంటే కొంచెం తక్కువ ఉండాలి కదా, ఉంది. అదే 6°30' అని డిగ్రీలు, మినిట్లలో కొట్టినా మిషన్ దాన్ని 6.5గా మార్చుకుని రేడియన్ల కింద తీసుకుంటుంది. డిగ్రీ గుర్తు వేశాం కదా, డిగ్రీలే అనుకుంటుందిలే అనుకోకూడదు. ఆ గుర్తు మినిట్లని దశాంశంలోకి మార్చడానికి మాత్రమే. ఎత్తు 26.26 వచ్చింది. లెవెల్ బుక్ గారి ట్యాన్ పద్ధతి ఇక్కడా పట్టేసింది, 6.5 బదులు 0.2168 చూపించింది.

మా సబ్జెక్ట్‌లో దీనికి తలకిందులుగా ఉంటుంది. ఇంటికొచ్చే 230 వోల్టుల కరెంటు పీక్ విలువ 325. దాన్ని 325 సైన్ 314టీ అని రాస్తారు. టీ 0.005 సెకన్లు అయితే లోపల 1.57. అది రేడియన్లు. రేడియన్ మోడ్‌లో కొడితే 325 వస్తుంది, పీక్ దగ్గర ఉండాల్సింది అదే. డిగ్రీ మోడ్‌లో కొడితే 8.9 వోల్టులు వస్తుంది. లోపల సెకన్లు గానీ, పై గానీ ఉంటే రేడియన్, కోణం పక్కన డిగ్రీ గుర్తు ఉంటే డిగ్రీ. ఇంట్లో ఎలక్ట్రికల్ చదివేవాళ్ళు, సివిల్ చదివేవాళ్ళు ఒకే కాలిక్యులేటర్ పంచుకుంటుంటే లెక్క మొదలుపెట్టే ప్రతిసారీ పైనున్న అక్షరం చూడాలి.

మోడ్ మార్చకుండా కూడా ఒక దారి ఉంది. ఎంఎస్‌లో, ఈఎస్‌లో ఆన్సర్ బటన్ మీద షిఫ్ట్‌తో డీఆర్‌జీ అని ఉంటుంది. అంకె కొట్టాక అది నొక్కి 1 ఎంచుకుంటే ఆ ఒక్క అంకె డిగ్రీలు, 2 అయితే రేడియన్లు. బ్రాకెట్ తర్వాత కూడా పనిచేస్తుంది. నాకు బాగా నచ్చిన బటన్ ఇది, ఎవరూ వాడరు.

కృష్ణలంక_సివిల్

సార్, అన్నయ్యా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రాత్రి కూర్చుని మా బ్యాచ్ రీడింగులన్నీ మళ్ళీ చేశాను. ట్యాన్ కొడితే అన్నింటికీ ఫీల్డ్ బుక్‌లో కోణమే వచ్చింది, ఒక్క దానికి తప్ప. అది చూస్తే లెక్క 4°10'తోనే చేశాం, ఫీల్డ్ బుక్‌లో మాత్రం ఎవరో 4°01' అని తప్పు రాశారు. ఆ అబ్బాయికి కూడా చెప్పాను, తన టేబుల్ మొత్తం మళ్ళీ చేస్తున్నాడు.

ఇంకొక్క సందేహం. దగ్గరికి వెళ్ళలేని టవర్ ఎత్తు కనుక్కునే లెక్కల్లో కాట్ వస్తోంది. ఒకే లైన్‌లో 40 మీటర్ల దూరంలో రెండు స్టేషన్లు, దూరం స్టేషన్ నుంచి కోణం 18°, దగ్గర స్టేషన్ నుంచి 25°. ఎత్తు = 40 ÷ (కాట్ 18° − కాట్ 25°). కాట్ బటన్ లేదు. ట్యాన్ పైన మైనస్ ఒకటి పవర్ ఉన్న షిఫ్ట్ బటన్ అదేనా? క్లాసులో సగం మంది అదే అంటున్నారు.

లెవెల్_బుక్

కాదమ్మా, అది కాట్ కాదు. షిఫ్ట్ ట్యాన్ అంటే, ఏ కోణానికి ట్యాన్ విలువ ఇంత అని అడగడం. నువ్వు పైన కోణం తిరిగి రాబట్టింది దాంతోనే కదా. కాట్ అంటే 1 ÷ ట్యాన్. మిషన్ మీద రెండింటికీ ఒకేలాంటి మైనస్ ఒకటి వేయడం వల్ల పిల్లలు తికమకపడుతున్నారు.

సరైన పద్ధతి: 40 ÷ ( 1 ÷ ట్యాన్ 18 − 1 ÷ ట్యాన్ 25 ). కాట్ 18° = 3.0777, కాట్ 25° = 2.1445, తేడా 0.9332, ఎత్తు 42.86 మీటర్లు. ఇది పరికరం అక్షం నుంచి పైకి, రెండు స్టేషన్లలోనూ అక్షం ఒకే మట్టంలో ఉందనుకుంటే. ఈఎస్ ప్లస్ వాళ్ళు ఒక్కో ట్యాన్ తర్వాత బ్రాకెట్ మూయాలి.

ఎక్స్ ఇన్వర్స్ బటన్ వాడాలంటే (ట్యాన్ 18) అని బ్రాకెట్‌లో పెట్టి అప్పుడు నొక్కు. నీ ఎంఎస్‌లో బ్రాకెట్ లేకుండా ట్యాన్ 18 తర్వాత నొక్కితే స్క్వేర్ కథే మళ్ళీ. ముందు 1 ÷ 18 చేసి దానికి ట్యాన్ తీస్తుంది.

షిఫ్ట్ ట్యాన్‌తో చేస్తే ఏమవుతుందో కూడా చూడు, తెలిసుండాలి. షిఫ్ట్ ట్యాన్ 18 = 86.82, షిఫ్ట్ ట్యాన్ 25 = 87.71. జవాబు మైనస్ 44.98. గుర్తు ఎక్కడో తారుమారైందిలే అని మైనస్ కొట్టేస్తే 42.86కి దగ్గర్లోనే ఉంటుంది. మీ క్లాసులో సగం మందికి ఈ అంకె చూపించు. కోసెక్ (1 ÷ సైన్) అనుకుని షిఫ్ట్ సైన్ 18 కొట్టినవాళ్ళు అదృష్టవంతులు. సైన్ విలువ 1 దాటదు కాబట్టి మిషన్ మ్యాథ్ ఎర్రర్ అని అక్కడికక్కడే ఆపేస్తుంది.

4°01' పట్టుకున్నావు చూడు, చాలా సంతోషం. దాన్ని చెరిపేయకుండా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టించు. ఫీల్డ్ బుక్‌లో ఎరేజర్ వాడకూడదు.

ఏలూరు_రోడ్డు

డిప్లొమా తర్వాత బీటెక్ చేసి గేట్ రాద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. అక్కడ మన కాలిక్యులేటర్ తీసుకెళ్ళనివ్వరు, కంప్యూటర్ తెర మీదే ఒకటి ఇస్తారు. అందులో వరస తిరగబడుతుంది: ముందు 6.5 కొట్టి, తర్వాత కాస్ నొక్కాలి. డిగ్రీ, రేడియన్ ఎంచుకునే చుక్కలు అక్కడే కనిపిస్తాయి. కాస్ నొక్కగానే విలువ తేలిపోతుంది కాబట్టి ఆ తర్వాత స్క్వేర్ నొక్కితే కాస్² సరిగ్గానే వస్తుంది. 2తీటా లాంటివి మాత్రం ముందే గుణించుకుని, 13 తెర మీద కనబడ్డాక సైన్ నొక్కండి.